చేబదులు

గుంటూరు పట్నం బజారులో
ఎనిమిదడుగుల వెడల్పు షాపు మాది.
స్కూలు యూనిఫారాలు, టైలు, బెల్టులు, తెల్ల సాక్సులు.
ఏడాదికి పన్నెండు నెలలని క్యాలెండరు అంటుంది గానీ
నా గల్లాపెట్టెకి తెలిసింది ఒక్క జూనే.

యార్డులో మిర్చి పలికితే
ఊళ్ళలో ఫీజులు కడతారు.
ఫీజు కట్టిన చేతులే నా మెట్లెక్కుతాయి.
తేజా రకం క్వింటాలు ఎంతో
రైతు కంటే ముందు నేను చూస్తాను పేపర్లో.
ఒక్క కాయ పండించకుండానే
ఆ ఘాటుకి తుమ్ముతాను.

గుడ్డ మాత్రం జనవరిలోనే కొనాలి.
చాంద్‌మల్ సేఠ్ అరవై రోజులు అరువిస్తాడు,
అరవై ఒకటో రోజు ఫోనులో అతని గొంతు
తాను చింపినట్టుంటుంది.
కాజాలు కుట్టే మస్తాన్‌బీ ఇంట్లో
జూన్ దాకా ఆగే పొయ్యి లేదు.

చిన్నప్పుడు చర్చిలో కీర్తనలు పాడేదాన్ని.
ఇప్పుడు నాకొచ్చింది ఒక్క పాటే, చీటీ పాట.
రెండు లక్షల చీటీ మార్చిలో
నలభై ఆరు వేలు వదులుకుని పాడుకున్నాను.
నా గొంతులో వణుకు పసిగట్టారేమో,
పక్కవాళ్ళు ఇంకో వెయ్యి పెంచి చూశారు.

గొలుసు ఫిబ్రవరిలో బ్యాంకుకి వెళ్తుంది,
జూలైలో ఇంటికొస్తుంది.
"పెళ్ళికి ఏం వేసుకుంటావే?" అని అక్క అడిగితే
వేసవిలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళది తప్పంటాను.

ఏప్రిల్లో ఏడుకొండలు.
పదివేలని రాసి ఎనిమిదిన్నర చేతిలో పెడతాడు.
రోజుకి వంద, వంద రోజులు.
పసుపుపచ్చ కార్డు, సాయంత్రం ఏడింటికి సంతకం.
బేరం లేని రోజూ అతని బండి చప్పుడు ఉంటుంది.
కేకలేసే మనిషి కాదు. మంచినీళ్ళడుగుతాడు,
ఫ్యాను కింద కూర్చుంటాడు.
ఆ కూర్చోవడమే వడ్డీ.

మే మొదట్లో బ్యాంకుకి కొత్త మేనేజరొచ్చాడు.
"సువార్తమ్మ గారూ, నెలకి సగటు అమ్మకం ఎంత?"
ఏం చెప్పను?
జూన్‌ని పన్నెండు ముక్కలు కత్తిరించి
ఒక్కో నెలకీ ఒక్కో చొక్కా చెయ్యి పంచితే
ఏ బిడ్డకి తొడగను?

పక్క సీటు అమ్మాయి మెల్లగా అంది,
లోను వద్దండీ, ఓడీ అడగండి.
కావలసినప్పుడు తీసుకోవడం, ఉన్నప్పుడు వేసెయ్యడం,
వాడుకున్నన్ని రోజులకే వడ్డీ.
"చేబదులా?" అన్నాను.
నవ్వింది. "చేబదులే. కాకపోతే కాగితాలెక్కువ."

జీఎస్టీ రిటర్నులు, సరుకు లెక్క, అద్దె పత్రం
అన్నీ ఇచ్చాక ఆయనడిగాడు, పూచీ ఎవరు?
సంచీలోంచి కొలతల పుస్తకం తీశాను.
పద్నాలుగు స్కూళ్ళు. పేరు, తరగతి, ఛాతీ, పొడవు.
నల్లపాడు పిల్ల, పోయినేడు ఇరవై నాలుగు, ఈ ఏడు ఇరవై ఆరు.
"ఏటా రెండంగుళాలు పెరుగుతారు సార్,
మిర్చి పలికినా పలకకపోయినా.
వీళ్ళే నా పూచీ."

ఆయన చాలాసేపు పేజీలు తిప్పాడు.
దీనికి ఫారంలో గడి లేదమ్మా అన్నాడు.
అయినా పుస్తకం జిరాక్సు తీయించాడు.

మూడు లక్షలడిగితే లక్షన్నర వచ్చింది.
సేఠ్‌కి సగం. మస్తాన్‌బీకి మూడు వారాలది.
పసుపుపచ్చ కార్డులో ఇంకా ఇరవై ఏడు గళ్ళు.

జూన్ పన్నెండు. మెట్ల నిండా చెప్పులు.
ఏడింటికి బండి చప్పుడు.
నా చెయ్యి దానంతటదే వంద నోటు కోసం వెళ్ళింది.
ఏడుకొండలు వెనక సీటు మీంచి
బక్కపిల్లాణ్ణి ఒకణ్ణి దించాడు.
"ఏడో తరగతి అక్కా, రెండు జతలు.
డబ్బులు... సోమవారం ఇస్తా."

టేపు తీశాను. ఛాతీ ఇరవై ఎనిమిది.
ఓ అంగుళం వదులుగా ఇమ్మన్నాడు,
వచ్చే ఏడు కూడా రావాలిగా అన్నాడు.
అరువు పుస్తకంలో అతని పేరు రాస్తుంటే
మంచినీళ్ళడిగాడు.
ఫ్యాను వాళ్ళ వైపు తిప్పాను.